మేజర్ గారి మాట

మార్చి 4, ఉదయం 7.00
రేసు కోర్సులో గుర్రాల పొద్దుటి పరుగు, ట్రాక్ వర్క్, చూసి వచ్చాను. అన్నయ్య గుర్రం బాగానే పరిగెత్తింది. లాయంలో నిలబడ్డాక మాత్రం ఎడమ ముందు కాలు చాచి, బరువంతా కుడి కాలి మీద వేసింది. నేను దగ్గరికెళ్లగానే సర్దుకుంది. రెజిమెంట్‌లో పదహారేళ్లు గుర్రాల మధ్యే బతికినవాణ్ణి. అది అలసట కాదు, నొప్పి. ట్రైనర్‌కి చెబితే, మేజర్ గారికి అన్నీ కుంటి గుర్రాల్లాగే కనిపిస్తాయని నవ్వాడు.

మార్చి 5
పేపర్‌కి నా శనివారం రేసుల కాలమ్ రాసిచ్చాను. ఆదివారం కప్పు రేసులో ఈ గుర్రాన్ని దింపకూడదని సూటిగా రాశాను. సొంత అన్న గుర్రాన్నే ఉతికి ఆరేశారు, భలేవారండీ అన్నాడు ఎడిటర్.

మార్చి 5, సాయంత్రం
ఎవరు మోశారో, అన్నయ్య స్వయంగా నా గదికొచ్చాడు. నా గది అంటే బంగళా వెనక, ఒకప్పుడు మా కార్లుండే షెడ్డు మీది గది. మెట్లెక్కి ఆయాసపడుతూ మంచం మీద కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నాన్న పేరు మీద మిగిలింది ఆ కప్పొక్కటేరా, మనింటి గుర్రం కుంటిదని నువ్వే చాటింపు వేస్తావా అన్నాడు.
శత్రువు ముందు తల వంచలేదని నాకు మెడల్ ఇచ్చారు. అన్నయ్య ముందు మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఎడిటర్‌కి ఫోన్ చేసి ఆ వాక్యం మార్పించాను. "మంచి ఊపు మీద ఉంది."

మార్చి 6
జాకీ వచ్చాడు. ఆదివారం దాన్నెక్కేది అతనే. పొద్దున ఎక్కినప్పుడు ఏదో తేడాగా అనిపించిందట. ఊరికే కాదంటే ఇకమీదట ఎవరూ గుర్రం ఇవ్వరట. మీరొక్క మాట వద్దనండి సార్, జ్వరమని పడుకుంటా అన్నాడు. రేపటి పేపర్లో రాశాను, చూసుకో అన్నాను. దణ్ణం పెట్టి వెళ్లాడు.

మార్చి 7
చదివే ఉంటాడు.

మార్చి 8
చివరి మలుపు. ఎడమ ముందు కాలే. విరిగిన కాలితో ఇక బతకదని గుర్రం చుట్టూ గుడ్డ తెర పట్టారు. తుపాకీ చప్పుడు నాకేం కొత్త కాదు, అయినా చెవులు మూసుకున్నాను. జాకీ లేవలేదు. వెన్నెముక విరిగింది, ఇక నడవడంటున్నారు.
ఎడిటర్ మూడొందల పదాలు అడిగాడు. రాశాను. సిగ్గులేకుండా బాగా రాశాను.

మార్చి 12
స్టీవర్డ్స్ ఎంక్వైరీ, రేస్ క్లబ్ పెద్దల ముందు. మలుపులో జాకీ పగ్గం లాగాడని, తప్పంతా అతనిదేనని అన్నయ్య లాయరు వాదించాడు. రేసుకు ముందు గుర్రంలో లోపమేమైనా గమనించారా అని నన్ను అడిగారు. అన్నయ్య నా వైపు చూడను కూడా లేదు. లేదన్నాను. మీలాంటి కుటుంబం మాటకి తిరుగేముంది అన్నారు చైర్మన్. జాకీ లైసెన్సు రద్దు చేశారు.

మార్చి 16
హాస్పిటల్ గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. మొహం చెల్లలేదు. అతనికైనా నిజం చెప్పకపోతే నేను మనిషినే కాదు.

మార్చి 21
వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే జాకీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. మీరు బాగుందని రాసినా నమ్మక, మలుపులో భయపడి పగ్గం లాగాడట. మీ మాట నమ్మి ఉంటే గుర్రం బతికేది, క్షమించండి సార్ అన్నాడు.
క్షమించాను.