మారిసెల్‌కి పుట్టింటివాళ్ళు కావాలి

సంతోష్‌నగర్, హైదరాబాదు
ఆదివారం సాయంత్రం

మా పెద్దక్కకి,

నీ తమ్ముడు సూర్యం నమస్కారాలు. నేనిక్కడ నిక్షేపంగా ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, చొక్కాలు ఇస్త్రీ చేసుకునే వేసుకుంటున్నాను. నువ్వు అడగబోయే వాటన్నిటికీ జవాబులు ముందే ఇచ్చేశాను కనక ఇక నిమ్మళంగా చదువు. బావ మోకాలు ఎలా ఉంది? ఆ నూనె రాసుకుంటున్నాడా, లేక సీసాని కిటికీలో పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాడా? పెద్దాడు కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాడా? చిన్నాడు నీ మాట వింటున్నాడా? వినడని తెలుసు, అయినా అడగాలి కదా.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. ఫోన్లో నేను రెండు ముక్కలు చెప్పేలోపు "పొయ్యి మీద పాలున్నాయిరా" అని పెట్టేస్తావు. ఇది పాలు పొంగేలోపు తేలే విషయం కాదు. నాకు అర్జంటుగా ఒక ఆడమనిషి కావాలి. కంగారుపడి సంబంధాలు చూసే ఆయనకి ఫోన్ కొట్టకు, నాక్కాదు. మా ఇంటి ఓనరుగారి కోడలు మారిసెల్ అని ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆమెకి వచ్చే నెల శ్రీమంతం. పుట్టింటి తరఫున నిలబడి గాజులు తొడగడానికి ఒక్కరూ లేరు. ఆ పని నువ్వు చెయ్యాలి. అవునక్కా, నువ్వే. తిట్టేముందు మొత్తం చదువు.

కంపెనీవాళ్ళు నన్ను ఇక్కడి ఆఫీసుకి మార్చిన కొత్తల్లో "బాగున్నాను, బాగున్నాను" అని నీకు చెప్పాను గానీ, అప్పట్లో ఏమీ బాగోలేదు. సాయంత్రం గదికి రావడం, ఫ్యాను కేసి చూడడం, హోటల్ పప్పు తినడం. మాట్లాడుదామంటే మనిషి లేడు. ఇక్కడి మాట వింటే మొదట్లో నన్ను తిడుతున్నారేమో అనిపించేది. ఇప్పుడు తెలిసింది, నిజంగానే తిడుతున్నారు, కాకపోతే ప్రేమగా తిడుతున్నారు. వానలు మొదలయ్యాక ఇంకా దిగులేసింది. మన సామర్లకోటలో వాన పడితే అరుగు మీద కూర్చుని బఠాణీలు తింటాం. ఇక్కడ వాన పడితే రోడ్డు మీద బండి ఆపుకుని నిలబడాలి. నిన్న అలాగే ధూల్‌పేట్ నుంచి వినాయకుణ్ణి తెస్తున్న ట్రాలీ వెనక ఇరుక్కున్నాను. ఇంకా రంగు వెయ్యని స్వామికి నెత్తి మీద టార్పాలిను, నాకేమో అదీ లేదు.

మా ఓనరు అనసూయమ్మగారు ఈ పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. కింద ఆవిడా, కొడుకు శ్రీకాంతూ, కోడలూ ఉంటారు, మేడ మీద గది నాది. శ్రీకాంత్ దుబాయ్‌లో హోటల్లో వంట చేసేవాడు. మారిసెల్ అదే హోటల్లో కౌంటర్లో కూర్చునేది. అక్కడ ఇష్టపడి పెళ్ళి చేసుకుని కిందటేడు ఇక్కడికి వచ్చేశారు. ఆ పిల్ల తెలుగు అంతా అత్తగారి దగ్గరే నేర్చుకుంది. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు అనసూయమ్మలు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కింద నుంచి ఘొల్లున ఏడుపు వినిపించింది. ఎవరికేమయిందోనని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. చూస్తే హాల్లో టీవీ. అందులో ఎవరో ఏడుస్తున్నారు, ఇటు మారిసెల్ ఏడుస్తోంది, వెనక సందులో టైలర్ షాపున్న జబ్బార్ భాయ్ కుర్చీలో కూర్చుని ముక్కు చీదుకుంటున్నాడు. అనసూయమ్మగారు మాత్రం చిక్కుడుకాయలు తుంచుతూ, "ఎవ్వలు సచ్చిపోలేదు సారూ, పిక్చర్ సూస్తున్నం. రా, కూసో" అన్నారు. కూర్చున్నాను. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం కూర్చుంటూనే ఉన్నాను.

మారిసెల్ వాళ్ళ దేశంలో కొత్తగా వచ్చిన సినిమాలు చూస్తామక్కా. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటాయి. అనసూయమ్మగారికి ఇంగ్లీషు రాదు, జబ్బార్ భాయ్‌కి వచ్చినా అంత వేగం అందుకోలేడు. అందుకని నేను గట్టిగా తెలుగులో చదివి వినిపించాలి. మనీలా రౌడీ కత్తి తీసి, "ఏవండోయ్, కాస్త ఆగండీ!" అంటాడు మరి, నాకొచ్చిన తెలుగు అదే. జబ్బార్ భాయ్ పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

అభిప్రాయాలా? ఒక్కొక్కరికీ బస్తాలు బస్తాలు ఉన్నాయి. ఒక సినిమాలో జీప్‌నీ అని, మన షేర్ ఆటోకి తాతలాంటి బండి నడుపుకునే ఆయనకి అందరూ ఆడపిల్లలే, ఇంట్లో స్నానాలగది ఒక్కటే. కథంతా ఆ గది తలుపు దగ్గరే. నేను నవ్వలేక చచ్చాను. జబ్బార్ భాయ్‌కి మాత్రం కోపం వచ్చింది. "హీరో ఎప్పుడొచ్చిండో తెల్వనే లేదు భై. పండ్లు తోముకుంటా వచ్చిండు. గదేం ఎంట్రీ?" అంటాడు. మనవాళ్ళలాగా లారీ గాల్లోకి లేవాలి ఆయనకి. నేనేమో అదే అసలు అందం అన్నాను. గంటసేపు లొల్లి అయింది. చూశావా, లొల్లి అని రాసేశాను.

ఇంకోటి దయ్యం సినిమా. ఆ దయ్యం నడుము దగ్గర రెండు ముక్కలై, పైసగం ఒక్కటే రెక్కలేసుకుని ఎగిరిపోతుంది. నాకు చెమటలు పట్టి చదవడం ఆపేశాను. అనసూయమ్మగారు చిక్కుడుకాయ పక్కన పెట్టి, "గా కింది సగం ఏడ వెట్టి పోయింది? కుక్కలు గిట్ట ఎత్కపోతే ఎట్ల?" అని అడిగారు. మారిసెల్ నవ్వలేదు సుమా. "మా ఊర్ల గా కింది సగం మీద ఉప్పు పోస్తరు అత్తమ్మా. మల్ల అతుకదు" అంది. "ఉప్పేనా? మేము గూడ దిష్టికి ఉప్పే తిప్పుతం" అని అనసూయమ్మగారు తెగ సంబరపడిపోయారు. వియ్యంకుల ఊరు నచ్చినట్టే మాట్లాడారు ఆ రోజంతా.

ప్రేమకథలు నాకిష్టం. ఒకదాంట్లో ఎప్పుడో విడిపోయిన ఇద్దరు కాఫీ హోటల్లో కలుసుకుని, మాట్లాడుకుని, ఎవరి దారిన వాళ్ళు పోతారు. నేను ఏడ్చాను. "రెండు గంటలు మాట్లాడిన్రు, చెప్పాల్సిన ఒక్క ముచ్చట చెప్పుకోలే" అని జబ్బార్ భాయ్ విసుక్కున్నాడు. వాళ్ళ సినిమాల్లో నాకు బాగా నచ్చేదేమిటో చెప్పనా? అన్నం. మూడు పూటలా అన్నమే తింటారు, అదీ నిజంగా తింటారు. మన హీరోలాగా ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, డైలాగు కొట్టి లేచిపోరు. అది చూసి మారిసెల్ ఒకరోజు సిర్కా, అదే వెనిగర్, పోసి కోడికూర వండింది. పుల్లగా, ఎంత బావుందనుకున్నావు! నువ్వు పంపిన ఆవకాయ ఆ పిల్లకి పెట్టాను. సగం సీసా ఖాళీ, ఇంకోటి పంపాలి.

ఒక్కటే ఇబ్బంది. ఆ సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు. మనకి ఇంటర్వెల్ లేకపోతే సినిమా చూసినట్టే ఉండదాయె. అందుకని మేమే ఎక్కడో ఒకచోట ఆపి టీ తాగి, రెండో సగంలో ఏమవుతుందో వాదించుకుని, మళ్ళీ పెడతాం. ఎక్కడ ఆపాలన్నదాని మీద ప్రతివారం రగడే.

కిందటి ఆదివారం ఏమయిందో విను. ఆ సినిమాలో ఒకమ్మాయి ఎన్నో ఏళ్ళు పరాయి దేశంలో పనిచేసి, తుఫాను వచ్చిందని తెలిసి పరుగున ఇంటికి వస్తుంది. తల్లితో మాటల్లేవు ఆమెకి. ఊరంతా బురద, ఇల్లు మాత్రం నిలబడే ఉంది. తలుపు కొడుతుంది. లోపల చెప్పుల చప్పుడు. అంతే, తెర నల్లబడింది, పేర్లు పడ్డాయి.

జబ్బార్ భాయ్ తొడ చరిచాడు. "వాహ్! ఈడు డైరెక్టరంటే. ఇంటర్వెల్ ఏడియ్యాల్నో గాడనే ఇచ్చిండు." అందరం ఒప్పుకున్నాం. మారిసెల్ ఎనిమిదో నెల మనిషి కదా, దిండుకి ఆనుకుని నిద్రపోయింది, లేపలేదు. శ్రీకాంత్ మిర్చిబజ్జీలు వేశాడు. రెండో సగం మీద చర్చ మొదలు. లోపలున్నది విలన్ అని జబ్బార్ భాయ్. తండ్రి రెండో పెళ్ళి చేసుకున్నాడని నేను. అనసూయమ్మగారు ఇద్దర్నీ కొట్టిపారేశారు. "తల్లే ఉన్నది. తలుపు తీస్తది, మొదాలు ఒకటిస్తది, ఎన్కసిరి బువ్వ పెడ్తది. తల్లులు గంతే."

టీలు తాగి సర్దుకుని కూర్చున్నాం. శ్రీకాంత్ మీట నొక్కాడు, ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. చివరికి మెల్లిగా, "అమ్మా, అయిపోయిందే" అన్నాడు.

"ఏం అయిపోయింది? తల్లి తలుపే తియ్యలే!"

ఆ కేకకి మారిసెల్ లేచింది. సంగతి విని పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వింది. మేము సినిమా చివర కూర్చుని ఇంటర్వెల్ బజ్జీలు తిన్నామట! "గింతే అత్తమ్మా. పిక్చర్ ఖతం. తీసిందో లేదో మనమే అనుకోవాలె."

"గట్లెట్ల ఇడిసిపెడ్తరు? పోరి బురదల నిలవడ్డది!" అనసూయమ్మగారి కోపం దిగలేదు. "మీ అమ్మయితే తీస్తదా, తియ్యదా? చెప్పు."

మారిసెల్ ఇంకా నవ్వుతూనే చెప్పింది. "మా అమ్మ ఇంట్ల ఉండదు అత్తమ్మా. తలుపుకు తాళం ఉంటది."

వాళ్ళమ్మ హాంకాంగ్‌లో ఎవరింట్లోనో పిల్లల్ని పెంచుతోందక్కా, మారిసెల్ బళ్ళో చేరినప్పటినుంచీ. వచ్చేందుకు సెలవు ఇవ్వరు, రేపు కాన్పుకి కూడా రావడానికి వీల్లేదు. శ్రీకాంత్‌కి తప్ప మాకెవరికీ ఈ సంగతి తెలీదు. అనసూయమ్మగారు పక్కకి జరిగి కోడలి జుట్టు సర్దారు. "శ్రీమంతం మస్తు చేస్త బిడ్డా" అన్నారు.

"వద్దు అత్తమ్మా. అందరు మీ దిక్కోళ్ళే ఉంటరు. నా దిక్కు ఎవ్వలుండరు. నాకు ఏడుపొస్తది."

జబ్బార్ భాయ్ లేచి నిలబడ్డాడు. "నేను లేనా? మామ లెక్క గాజులు నేను తెస్త. లాడ్‌బజార్ గాజులు, రెండు చేతులకు నిండ!"

"తెస్తవు జబ్బారూ. తొడగనీకి తల్లిగారి దిక్కుకెల్లి ఆడమనిషి గావాలె కద. మీ ఇంటామెను చెప్పకు, ఆమె నా దోస్తు, నా దిక్కే లెక్క."

నా నోటి సంగతి నీకు తెలుసు. "మా అక్క వస్తుంది" అనేశాను.

అందరూ నాకేసి తిరిగారు. "నిజమా సారూ? ఎవ్వల బిడ్డకో గంత దూరంకెల్లి వస్తదా?" అన్నారు అనసూయమ్మగారు. వస్తుందండీ, చలిమిడి కూడా తెస్తుంది, మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టాలి అన్నాను. మారిసెల్ నావైపు జరిగి కూర్చుంది. "సూర్యం అన్నా, మీ అక్క నాకేమైతది?" అని అడిగింది. నీకూ అక్కే అన్నాను. మొన్నటిదాకా ఫ్యానుతో మాట్లాడుకున్నవాణ్ణి, నాకు చెల్లెలు దొరికిందక్కా!

ఇక అసలు సంగతి. వాళ్ళమ్మకి సెలవు ఆదివారం ఒక్కటే. ఆ రోజు ఆవిడా, ఆవిడలాంటి వాళ్ళూ ఊరి నడుమ ఒకచోట దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారట. వాళ్ళ సినిమాల గురించి మేము అన్న మాటలన్నీ మారిసెల్ చెబుతూనే ఉందట, వాళ్ళు విని నవ్వుకుంటూనే ఉన్నారట. శ్రీమంతం ఆదివారమే పెట్టమన్నారు. ఫోన్లో అందరూ కూర్చుని చూస్తారు. మేమన్నవాటికి తలకొక జవాబు అప్పజెబుతామన్నారు. నీ ఫోటో అడిగితే, మన చుట్టాల పెళ్ళిలో వంటవాళ్ళని కేకలేస్తున్నది పంపాను. "ఈవిడైతే సరే" అన్నారట అందరూ.

వాళ్ళమ్మ మాత్రం ఒక్కటి అడిగింది. చలిమిడి పళ్ళెం పిల్ల ఒడిలో పెట్టేముందు, మీ అక్క దాన్ని ఒకసారి ఫోన్ దగ్గరికి తెస్తుందా, నేనూ చెయ్యి వేస్తాను, అందట.

ఎదురింటి సుజాతకి చలిమిడి చేసి ఇచ్చి వచ్చిన రోజు నువ్వు వంటింట్లో పీట మీద కూర్చుని, "మనకీ ఒక ఆడపిల్ల ఉంటే ఎంత బావుండేదిరా" అన్నావు. నేను మాట మార్చేశాను. ఇప్పుడు చెబుతున్నాను, రా అక్కా. బియ్యం నానబెట్టు, బెల్లం మంచిది చూడు. బావని కూడా తీసుకురా, జబ్బార్ భాయ్ ఆయనకి ఎంట్రీ సంగతులు చెబుతాడు. బండి దిగేచోటికి శ్రీకాంతూ నేనూ వస్తాం. రానంటే ఆ మాట నాతో చెప్పకు, మారిసెల్‌కి ఫోన్ చేసి నువ్వే చెప్పు. నీకంత గుండె లేదని నాకు తెలుసు.

బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు, వీధి చివరి మామ్మగారికి నా దణ్ణాలు. నీ దీవెన నాకెప్పుడూ ఉన్నదే, ఈసారి అది ఆ పిల్లకి ఇవ్వు.

నిన్నడక్కుండా నీ తరఫున మాట ఇచ్చేసిన తమ్ముడు,
సూర్యం