హాలండు పల్లె పంపిన శుభాకాంక్షలు

మత్రా, 1976 ఫిబ్రవరి, గురువారం

ఈరోజు నా సంతోషం ఈ పేజీలో పట్టేలా లేదు! మా హాలండు ఇంజనీరు సెలవు నుంచి వచ్చాడు. నా బిడ్డ సుగుణ నర్సుగా పనిచేసేది ఆయన సొంత ఊళ్లోనే. ఈ గల్ఫు రేవు సైట్‌లో నేను చెక్కలకు మేకులు కొడుతుంటే నేరుగా వచ్చి, నా చేయి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు.

"గుంజుకో పెద్దయ్యా, చెయ్యి ఊడొస్తది!" అని తోటి వడ్రంగి మల్లయ్య ఒకటే నవ్వు.

పోయిన వారం సుగుణ పుట్టినరోజు. ఆ ఊళ్లో పుట్టినరోజు ఎవరిదైనా, వాళ్ల అమ్మానాన్నలకు కూడా చేయి కలిపి శుభాకాంక్షలు చెప్తారట.

"ఆమె తరఫువాళ్లు అక్కడ ఎవరూ లేరు కదా. అందుకే పుట్టినరోజుకు వచ్చిన పదకొండు మందీ నా చేయి ఊపి, మీకు అందించమన్నారు," అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఎంత మంచి ఊరో! ఒకప్పుడు సముద్రం ముంచేస్తే, వాళ్ల తాతలు తట్టలతో మట్టి మోసి కట్ట వేసుకున్నారట. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చర్చి గోడ మీద ఇంకా గీత ఉందట. పాత గాలిమరను చూడ్డానికి జనం సైకిళ్ల మీద వస్తారట. ఆదివారం సుగుణ ఆ కట్ట మీద నడుస్తుందట. ఊరంతా నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. పిల్ల నడకను చూసి మాత్రం మూడేళ్లయింది.

అన్నీ అడిగాను. పుట్టినరోజు నాడు దాని తల మీద చేయి పెట్టి దీవించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మాత్రం అడగలేకపోయాను.