బావ పంపిన సైన్యం

మంగళవారం రాత్రి, పొదిలి

చెల్లెలు సునీత ఇవాళ ప్రసాద్ బావ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయన పోయి తొమ్మిది రోజులైంది, ఇదింకా మోగుతానే ఉందన్నయ్యా. ఏందో చూడు" అంది.

మోగేది బావా నేనూ ఫోన్లో ఆడే యుద్ధం ఆట. అందులో బావ కోటను ఎవరో దోచుకుంటున్నారు. అక్కడ కాపలాకు ఒక్క సైనికుడూ లేడు. అందరూ నా కోటలోనే ఉన్నారు, నా ధాన్యం తింటూ. వెనక్కి పంపడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆ రోజు బావ మిరపతోటలో పురుగుమందు కొడుతున్నాడు. ఎదురుగాలి. మూతికి తువ్వాలైనా కట్టుకోలేదట. "కళ్ళు తిరుగుతున్నాయి బావా" అని మెసేజ్ పెట్టాడు. సరిగ్గా అప్పుడే నా కోట మీద దాడి జరుగుతోంది. "ముందు నీ సైన్యాన్ని పంపు, తర్వాత పడుకుందువుగాని" అని రాశాను. ఛీ, నేనే రాశాను. గట్టు మీద కూర్చుని మొత్తం పంపేశాడు. మళ్ళీ లేవలేదు.

"ఆఖర్న ఎవరితో మాట్లాడాడో చూద్దామంటే లాక్ తెలవదు. నీకేమన్నా తెలుసా?" అని సునీత అడిగింది.

తెలియదన్నాను.

ఆ లాక్ పెట్టిచ్చింది నేనే.