రెండు పక్షాలకూ ఒకే బండి

పెనుకొండ, 1955 ఫిబ్రవరి, పోలింగు ముందటి రాత్రి

రేపు ఓటర్లను తోలుకుపోవడానికి నా ఎద్దుల బండిని రెండు పక్షాలూ అడిగాయి. పొద్దున ఎర్రజెండా వాళ్లకు, మధ్యాహ్నం పెద్దరైతులకు అన్నాను. మా నాయనైతే ఇరుసు విరిగిందని చెప్పి తప్పించుకునేవాడు. నాకా తెలివి రాలేదు.

పెద్దరైతు ఉరిమి చూశాడు. “ఏమప్పా, నీ ఎద్దులకైనా బుద్ధుండాది. రెండూ ఒకే దిక్కు పోతాయి.”

ఎర్రజెండా కుర్రవాడు నవ్వాడు. “మధ్యలో నిలబడేది భయంతోనే గదా మామా?”

సాయంత్రం కందెన వేయబోతే, చక్రం ఊడకుండా ఇరుసు చివర గుచ్చే కడశీల లేదు. ఎవరో పీకేశారు. చూసుకోకపోతే రేపు దిగుడు బాటలో బండెడు ఆడవాళ్లు బోల్తా పడేవాళ్లు. కొత్త శీల దిగ్గొట్టాను.

నిద్ర రావడం లేదు. ఏదో ఒక పక్షాన చేరి ఉంటే ఇది ఎవరి పనో ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు ఇద్దరికీ బండి తోలాలి, ఇద్దరి చేతులూ కనిపెట్టుకుంటూ...