పళ్ళ ఆస్పత్రికి గురువారం సెలవు

నేను, ఈ వీధిలో పళ్ళ డాక్టరును, పిల్లల నోట బొమ్మ డాక్టరును, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని పెద్ద డాక్టరు కాగితం ఇచ్చాడు. మా అన్నయ్య మాత్రం నమ్మకం కుదరక ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

1. బుడ్డోడు అనే నా మాట్లాడే బొమ్మ గురించి. చదువుకునే రోజుల్లో సరదాకి గొంతు మార్చి బొమ్మను మాట్లాడించడం నేర్చుకున్నాను. "పళ్ళు పీకడం నేర్చుకోరా అంటే ఈ బొమ్మలాటలేంట్రా?" అని అన్నయ్య (తనూ పళ్ళ డాక్టరే) నెత్తీ నోరూ బాదుకున్నాడు. తీరా ఆస్పత్రి తెరిచాక, సూది చూసి కుర్చీ ఎక్కనని మొండికేసిన ప్రతి పిల్లకూ బుడ్డోడే దిక్కయ్యాడు. "డాక్టర్‌గారూ, ముందు నా పన్ను పీకండి, ఈ పాప చూసి నవ్వుకుంటుంది" అని వాడనగానే పాప నోరు తెరిచేది. నాకొచ్చిన పేరంతా వాడి చలవే. సదరు బొమ్మను నా కూతురికి ఇస్తున్నాను. వాడి ముందుపన్ను విరిగింది, అది ఆమే పెట్టాలి. "బయట పేషెంట్లుంటే బొమ్మకు వైద్యమేంటి నాన్నా?" అని వాయిదా వేస్తూ వస్తోంది.

2. పాత కుర్చీ మా నర్సమ్మకు. మధ్యాహ్నాలు అందులో గురక పెట్టి నిద్రపోయే సంగతి నాకు తెలియదనుకుంటోంది. బుడ్డోడి నోరాడించే దారం ఇన్నాళ్ళూ వెనక నుంచి లాగింది ఆవిడే. నా పెదాల కదలికను మాస్కు దాచింది. ఈ రెండూ లేకుండా ఒకసారి క్లబ్బులో వేదిక ఎక్కాను. ముందు వరుసలోంచి అన్నయ్య, "ఒరేయ్, బొమ్మ నోరు మూసుకునే ఉంది, నీదే ఆడుతోంది!" అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. నేనది మరిచిపోలేదు.

3. సాక్షి సంతకం చేసినవాడికి ఆస్తి రాస్తే చెల్లదని వకీలు చెప్పాడు. అందుకే అన్నయ్యను సాక్షిగా పెట్టుకున్నాను.

4. ఆస్పత్రి నా కూతురికి. ఇప్పుడు దాన్ని నడుపుతున్నదీ ఆమే. చిన్నప్పుడు ఆమె పుణ్యమా అని మా ఇంట్లో సబ్బు సబ్బులా ఉండేది కాదు. కుందేలుతో మొహం కడుక్కుని ఒంటెతో స్నానం చేసేవాళ్ళం. చాకుతో సబ్బుల్ని బొమ్మలుగా చెక్కే ఆ అలవాటు వల్లే ఈ రోజు ఆమె పెట్టిన పన్నుకూ పుట్టిన పన్నుకూ తేడా తెలియదు. అలాంటి పిల్ల డాక్టరయ్యాక చాకు ముట్టలేదు. "టైమెక్కడిది నాన్నా?" అంటుంది. ఇంట్లో ఆమె నవ్వు విని చాలా కాలమైంది, నాకు భయంగా ఉంది. కాబట్టి షరతు: ప్రతి గురువారం మధ్యాహ్నం ఆస్పత్రి మూసేసి, దమ్మిడీకి పనికిరాని పని ఏదైనా చెయ్యాలి. కాదంటే, గోదాముకు కావాలని అడుగుతున్న ఎదురు బట్టల కొట్టాయనకు ఆస్పత్రిని అమ్మెయ్యాలి. నన్ను తిట్టుకున్నా సరే.

5. ఇదంతా అమలు చేయించే బాధ్యత వకీలుది. ఆయన కట్టుడు పళ్ళు నేను పెట్టినవే కనుక కాదనలేడు.

సంతకానికి ముందు చేర్చినది: ఇంకు అంటిన చేతులు కడుక్కుందామని ఆస్పత్రి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళాను. సబ్బుకు చెవులున్నాయి. తొండం సగంలో ఆగింది, పేషెంటెవరో వచ్చి ఉంటారు. కాబట్టి 4వ అంశంలోని షరతు ఇందుమూలంగా రద్దు. ఆస్పత్రి ఏ షరతూ లేకుండా ఆమెదే. నేను చూశానని నా ప్రాణం ఉండగా ఆమెకు చెప్పకండి, సిగ్గుపడి మానేస్తుంది. చేతులు కడుక్కోకుండానే తిరిగొచ్చాను. కాగితం మీది మరకలకు మన్నించాలి.

తేదీ: ఇరవై ఏడు, గురువారం.

(సంతకం) బొమ్మ డాక్టరు

సాక్షులు:
1. పక్కనున్న మందుల షాపు యజమాని
2. అన్నయ్య (నాకేమీ రాదని తెలిసే సంతకం చేశాను. ఇదంతా బుడ్డోడి గొంతుతో చదివి వినిపించాడు. పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఏనుగు దగ్గరికొచ్చేసరికి గొంతు మాత్రం బొమ్మది కాదు, మా తమ్ముడిదే.)