ట్రంపెట్లు ఆగిన చోట

మిర్యాలగూడ, శనివారం రాత్రి

అల్లుడు ఫోన్‌లో ఎక్కించి ఇచ్చిన ఆ పాత జాజ్ రాక్ ఆల్బం మళ్లీ విన్నాను. డ్రమ్ములు, గిటార్ల మీద మా పెండ్లి బ్యాండులో లాగే ట్రంపెట్లు విరుచుకుపడతాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి. వయొలిన్లు మాత్రం మిగులుతాయి. ఇన్నేళ్లుగా ట్రంపెట్ ఊదుతున్నాను. అంతమంది ఊదేవాళ్లు ఒకేసారి ఊదడం ఆపి ఇంకొకరిని వినడం ఎన్నడూ ఎరగను. ఈసారీ ఒళ్లు ఝల్లుమంది.

ఈరోజు పెండ్లికొడుకు ఊరేగింపులో అదే చేసి చూశాను. చెయ్యెత్తి అందరినీ ఆపి, మా సత్తెన్న క్లారినెట్ ఒక్కటే ఉంచాను. ఇక్కడ బ్యాండు ఆగిందంటే ఫంక్షన్ హాలు వచ్చినట్టే లెక్క. పెండ్లికొడుకు నడిరోడ్డు మీదే కారు దిగేశాడు.

"ఏంది మాస్టర్, గీడ ఆపినవ్? హాలు ఇంకా దూరముంది గద" అని అతని మేనమామ మీదికొచ్చాడు. వచ్చే నెల వాళ్లింట్లోనే ఇంకో పెండ్లి ఉంది. ఇక పిలుస్తారో, లేదో...

"జర ఆగు మామా, విననియ్" అన్నాడు పెండ్లికొడుకు.

మళ్లీ కారెక్కలేదు. హాలుదాకా సత్తెన్న పక్కనే నడిచాడు. ట్రంపెట్ చంకలో పెట్టుకుని వాళ్ల వెనకే నేనూ నడిచాను. ఊదబుద్ధి కాలేదు.