చప్పట్లు వినగానే

తమ్ముడూ,
నేను కులాసా. బడి వార్షికోత్సవంలో నా తరగతి పిల్లలిద్దరు జంట విన్యాసం చేశారు. ఒకత్తె మోకాళ్ళు వంచి నిలబడింది, రెండోది దాని తొడలెక్కి వెనక్కి వాలింది. పట్టుకున్న మణికట్లు ఒకరివొకరు వదలకూడదని నెలంతా చెప్పాను. జనం చప్పట్లు కొట్టగానే కింది పిల్ల మురిసిపోయి, చేతులు వదిలేసి తనూ కొట్టింది! పైదాని మోచెయ్యి విరిగింది. ఎందుకు వదిలావే అంటే, "అందరూ కొడుతున్నారు కదా టీచర్" అంది. పసిది, ఏమంటాను?

నువ్వు పసివాడివి కాదు. మొగుడు వదిలేసిన చెల్లిని ఇంటికి తెచ్చుకున్నావని నలుగురూ నిన్ను ఆకాశానికెత్తారు. ఇప్పుడు దాని మంచం వసారాలోకి ఎందుకొచ్చింది? వానలు పడకముందే లోపల వేయించు. చేతకాకపోతే కార్డు రాయి, నేనొచ్చి చెల్లిని తీసుకుపోతాను.

మరదలికీ పిల్లలకూ దీవెనలు. నీకు చప్పట్లు.
అక్క